కంచానికీ ట్యాంకుకీ మధ్య మొక్కజొన్న

ఒక మామూలు కారు ట్యాంకు 35 లీటర్లు పడుతుందనుకుందాం. ఇప్పుడు మన బంకుల్లో పోస్తున్న పెట్రోలులో ఐదో వంతు ఇథనాల్. అంటే ట్యాంకు నింపితే అందులో 7 లీటర్లు ఇథనాలే. ఆ 7 లీటర్లూ మొక్కజొన్న నుంచే తీశారనుకుంటే, దానికి పద్దెనిమిదిన్నర కిలోల గింజలు కావాలి. గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాముల దాణా తింటుంది. అందులో సగానికి కాస్త ఎక్కువ, అంటే 60 గ్రాముల దాకా, మొక్కజొన్నే. ఈ లెక్కన ఒక కోడి పది నెలల పాటు తినే మొక్కజొన్న, మనం హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లి వచ్చేసరికి కాలిపోతుంది.

ఈ లెక్క చూడగానే మనసు చివుక్కుమంటుంది. అయితే లెక్క ఇక్కడితో ఆగదు. ఆ గింజల్లో దాదాపు మూడో వంతు మరో రూపంలో తిరిగి కోళ్ల దాణాలోకే వస్తుంది. ఇథనాల్ ఫ్యాక్టరీలు కొంటున్నాయి కాబట్టి రైతుకు కొన్నేళ్లు మంచి ధర వచ్చింది. విదేశీ చమురు కొంత తగ్గింది. మరోవైపు దాణా ధర పెరిగింది, గుడ్డు ధర కదిలింది, సోయా రైతు దెబ్బతిన్నాడు, పెట్రోలు మాత్రం చవక కాలేదు. ఒకే గింజ ఇన్ని ధరలను ఎలా కదిలిస్తుందో అర్థం కావాలంటే, ఈ ప్రయోగాన్ని మనకంటే ఇరవై ఏళ్ల ముందు, మనకంటే ఎన్నో రెట్లు పెద్ద ఎత్తున చేసిన అమెరికా దగ్గర మొదలుపెట్టాలి.

2000 ప్రాంతంలో అమెరికాలో పండిన మొక్కజొన్నలో ఇథనాల్‌కు వెళ్లింది దాదాపు 6 శాతం. పదేళ్లు తిరిగేసరికి అది 40 శాతానికి చేరింది. మధ్యలో జరిగినవి ముఖ్యంగా రెండు. పెట్రోలు శుభ్రంగా మండడానికి అప్పటిదాకా కలుపుతున్న ఎంటీబీఈ అనే రసాయనం భూగర్భ జలాల్లోకి దిగుతోందని తేలడంతో రాష్ట్రాలు ఒక్కొక్కటిగా దాన్ని నిషేధించాయి. ఆ ఖాళీలోకి ఇథనాల్ వచ్చింది. అది సహజంగా పుట్టిన గిరాకీ. రెండోది చట్టంతో పుట్టించిన గిరాకీ. 2005లో చేసిన ఇంధన చట్టం, దాన్ని బాగా పెంచుతూ 2007లో చేసిన మరో చట్టం, ఏటా ఇన్ని గ్యాలన్ల (గ్యాలన్ అంటే దాదాపు 3.8 లీటర్లు) జీవ ఇంధనం పెట్రోలులో కలిపి తీరాలని చమురు కంపెనీలకు లక్ష్యం పెట్టాయి. 2022 నాటికి మొత్తం 3,600 కోట్ల గ్యాలన్లు కలపాలన్నది గమ్యం. అందులో మొక్కజొన్న ఇథనాల్ వాటా 1,500 కోట్ల గ్యాలన్లు మించకూడదు. మిగతాది గడ్డి, చొప్ప, చెక్క పొట్టు లాంటి వాటి నుంచి వస్తుందని ఆశించారు. ఆ ఆశ తీరలేదు. మొక్కజొన్న కోటా మాత్రం దాదాపు నిండింది. ఇప్పుడు అయోవా రాష్ట్రంలో పండే మొక్కజొన్నలో సగానికి పైగా ఇథనాల్ ఫ్యాక్టరీలకే పోతోంది.

ఫ్యాక్టరీలో ఆ గింజకు ఏమవుతుందో ఒకసారి దగ్గరగా చూడాలి, ఎందుకంటే ధరల చిక్కుముడి సగం అక్కడే ఉంది. గింజను పిండి చేసి, వేడి నీళ్లలో కలిపి జావలా కాస్తారు. ఎంజైములు వేస్తే అందులోని పిండి పదార్థం చక్కెరగా విరుగుతుంది. ఆ తర్వాత ఈస్ట్ కలిపి పెద్ద తొట్లలో రెండు మూడు రోజులు పులియబెడతారు. పులిసిన దాన్ని బట్టీ పట్టి, నీళ్ల చుక్క మిగలకుండా వడగడితే ఇథనాల్. ఈస్ట్‌కు కావలసింది పిండి పదార్థం ఒక్కటే. గింజలోని మాంసకృత్తులు, నూనె, పీచు అడుగున పిప్పిలా మిగిలిపోతాయి. దాన్ని పిండి ఎండబెడితే ముదురు పసుపు రంగులో, పులిసిన వాసనతో ఒక పొడి వస్తుంది. దాణా వ్యాపారులు దాన్ని డీడీజీఎస్ అంటారు. స్థూలంగా చెప్పాలంటే గింజ బరువులో మూడో వంతు ఇంధనమవుతుంది, మూడో వంతు బొగ్గుపులుసు వాయువుగా గాలిలో కలుస్తుంది, మూడో వంతు పశువుల ముందుకు, కోళ్ల ముందుకు తిరిగి వస్తుంది. ఈ మూడో వంతును లెక్కలోంచి వదిలేసి మొక్కజొన్న మొత్తం కాల్చేశారని చెప్పే విమర్శ సరికాదు. పిప్పి తిరిగి వస్తోంది కాబట్టి నష్టమేమీ లేదని చెప్పే సమర్థనా సరికాదు. తిరిగి వచ్చేది మాంసకృత్తులు. పోయేది శక్తినిచ్చే పిండి పదార్థం. దాణాలో ఒకటి మరొకదాని స్థానాన్ని పూర్తిగా నింపలేదు.

ఇక ధరల సంగతి. 2005లో అమెరికాలో ఒక బుషెల్ మొక్కజొన్న, అంటే 25.4 కిలోలు, 2 డాలర్లకు దొరికేది. 2008 వేసవిలో అది 7 డాలర్లు దాటింది. ఆ పెరుగుదల మధ్యలోనే, 2007 జనవరి 31న, మెక్సికో నగరంలో వేలాది మంది రోడ్డెక్కారు. వాళ్లు అడిగింది టోర్టియా ధర తగ్గించమని. మనకు అన్నం ఎంతో, మెక్సికోలో పేదలకు మొక్కజొన్న పిండితో కాల్చే ఆ పల్చటి రొట్టె అంత. అప్పటికే ఆ దేశాధ్యక్షుడు ఫెలిపే కాల్డెరోన్ వ్యాపారులతో కూర్చుని, కిలో టోర్టియా 8.50 పెసోలు దాటకుండా ఒప్పందం కుదర్చవలసి వచ్చింది.

ఆ ఉదంతంలో ఒక మెలిక ఉంది. టోర్టియాకు వాడేది తెల్ల మొక్కజొన్న. అది చాలావరకు మెక్సికోలోనే పండుతుంది. అమెరికా ఇథనాల్ ఫ్యాక్టరీలు కొనేది పసుపు మొక్కజొన్న. మరి పసుపు గింజకు గిరాకీ వస్తే తెల్ల గింజ ధర ఎందుకు పెరగాలి? పసుపు మొక్కజొన్న ఖరీదు కావడంతో మెక్సికోలోని దాణా తయారీదారులు, పరిశ్రమలు తెల్లదాని వైపు తిరిగారు. కొందరు వ్యాపారులు సరుకు దాచి ధర ఇంకా పెంచారన్న ఆరోపణలూ బలంగానే వచ్చాయి. పంటలు ఒకదానికొకటి బావుల్లా ఉంటాయి. పైకి వేరువేరుగా కనిపించినా అడుగున నీళ్లు ఒకటే. ఒక బావిలో పెద్ద మోటారు పెట్టి తోడితే పక్క బావిలో మట్టం పడిపోతుంది.

పొలంలోనూ ఇదే జరిగింది. 2007లో అమెరికా రైతులు 9.3 కోట్ల ఎకరాలకు పైగా మొక్కజొన్న వేశారు. అంతకుముందు ఏడాదితో పోలిస్తే ఇది కోటిన్నర ఎకరాలు ఎక్కువ. ఆ ఎకరాలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. సోయా సాగు ఒక్క ఏడాదిలో కోటి ఎకరాలకు పైగా తగ్గింది. సోయా తగ్గితే వంటనూనె ధర పెరుగుతుంది. నూనె తీయగా మిగిలే సోయా చెక్క దాణాలో కలుస్తుంది, దాని ధర పెరిగితే కోడి మాంసం, పంది మాంసం ధరలు పెరుగుతాయి.

2008లో ప్రపంచమంతా ఆహార ధరలు ఎగసినప్పుడు, ఇందులో ఇథనాల్ పాపమెంత అనే వాదం మొదలైంది. ఆ వాదంలో వినిపించిన అంకెలు చూస్తే ఒకే లోకం గురించి మాట్లాడుతున్నారా అనిపిస్తుంది. అమెరికా ప్రభుత్వ ఆర్థిక సలహాదారులు 3 శాతం అన్నారు. అప్పట్లో ప్రపంచ బ్యాంకులో పనిచేస్తున్న ఆర్థికవేత్త డొనాల్డ్ మిచెల్, జీవ ఇంధనాలు, వాటి వెంట వచ్చిన పరిణామాలు కలిసి 70 నుంచి 75 శాతానికి కారణమన్నారు. అమెరికా కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం 2009లో మరో లెక్క చెప్పింది. 2007 ఏప్రిల్ నుంచి 2008 ఏప్రిల్ దాకా మొక్కజొన్న ధరలో వచ్చిన పెరుగుదలలో 28 నుంచి 47 శాతానికి ఇథనాల్ కారణం. అదే కాలంలో అమెరికన్ల ఆహార ఖర్చు పెరుగుదలలో దాని వాటా 10 నుంచి 15 శాతం.

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒక్కొక్కరు ఒక్కో ధరను కొలిచారు. పొలం గట్టున గింజ ధర ఒకటి, ఎగుమతి రేవులో ధర మరొకటి, అమెరికా సూపర్ బజారులో కార్న్‌ఫ్లేక్స్ డబ్బా ధర ఇంకొకటి. కార్న్‌ఫ్లేక్స్ డబ్బాలో గింజ ఖరీదు కొన్ని సెంట్లే. మిగతాదంతా ప్రాసెసింగ్, ప్యాకింగ్, రవాణా, ప్రకటనలు, దుకాణం అద్దె. మొక్కజొన్న ధర రెట్టింపైనా ఆ డబ్బా ధర పెద్దగా కదలదు. అందుకే అమెరికా వినియోగదారుడి దగ్గర కొలిస్తే అంకె చిన్నదిగా కనిపిస్తుంది. అదే గింజను సంచిలో కొని ఇంట్లో విసురుకుని రొట్టె చేసుకునే మెక్సికో, గ్వాటెమాలా, తూర్పు ఆఫ్రికా కుటుంబానికి గింజ ధరే తిండి ధర. అక్కడ కొలిస్తే అంకె వేరు, బాధ వేరు. సగటు లెక్కల్లో ఈ తేడా కనిపించదు. ఈ వాదమంతటిలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది అదే.

కాలం గడిచాక, వేడి తగ్గాక వచ్చిన అధ్యయనాలు కొంత దగ్గరగా చేరాయి. ఆర్థికవేత్తలు మైకేల్ రాబర్ట్స్, వోల్ఫ్రామ్ ష్లెంకర్ 2013లో ప్రచురించిన పరిశోధన ప్రకారం అమెరికా చట్టం వల్ల మొక్కజొన్న, గోధుమ, వరి, సోయా కలిపి ప్రపంచ ఆహార ధర సుమారు 30 శాతం పెరిగింది. తిరిగి దాణాగా వచ్చే మూడో వంతును తీసేస్తే 20 శాతం. 2022లో అమెరికా పరిశోధకుడు టైలర్ లార్క్ బృందం వెలువరించిన అధ్యయనం మొక్కజొన్న ధర 30 శాతం, ఇతర పంటల ధరలు 20 శాతం పెరిగాయని తేల్చింది. కొత్తగా దున్నిన భూమిని, అదనంగా వేసిన ఎరువును లెక్కలోకి తీసుకుంటే ఈ ఇథనాల్ కర్బన ఉద్గారాల్లో పెట్రోలు కన్నా మెరుగేమీ కాదని కూడా అది చెప్పింది. ఇథనాల్ పరిశ్రమ, అమెరికా వ్యవసాయ శాఖ ఆ చివరి మాటతో గట్టిగా విభేదించాయి.

2008 నిప్పుకు ఇథనాల్ ఒక్కటే కారణమని నేను అనను. ఆ జూలైలో ముడి చమురు పీపా 147 డాలర్లకు చేరింది. చమురు పెరిగితే డీజిల్, ఎరువు, ఓడ కిరాయి అన్నీ పెరుగుతాయి. ఆస్ట్రేలియాలో కరవు వచ్చి గోధుమ దెబ్బతింది. మన దేశం సహా చాలా దేశాలు బియ్యం ఎగుమతులు ఆపేశాయి. బియ్యంతో ఎవరూ అప్పట్లో ఇథనాల్ చేయలేదు, అయినా బియ్యం ధర మొక్కజొన్న కంటే వేగంగా ఎగిసింది. భయమూ ఎగుమతి నిషేధాలూ చేసిన పని అది.

అయినా ఇథనాల్‌ను మిగతా కారణాల నుంచి విడదీసే లక్షణం ఒకటుంది. దాన్ని 2012 కరవు కళ్లకు కట్టింది. ఆ వేసవిలో అమెరికా మొక్కజొన్న ప్రాంతం ఎండిపోయింది. ఎకరానికి 150, 160 బుషెళ్లు పండే చోట సగటు 123కు పడిపోయింది. ఆగస్టులో ధర 8 డాలర్లు దాటి రికార్డు సృష్టించింది. ఇథనాల్ కోటాను తాత్కాలికంగా ఆపమని ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ అధిపతి జోసె గ్రాజియానో ద సిల్వా కోరారు. కోళ్లు, పందుల పరిశ్రమ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల గవర్నర్లు కూడా అడిగారు. చట్టంలో ఆ వెసులుబాటు ఉంది. కానీ ఆ ఏడాది నవంబరులో పర్యావరణ పరిరక్షణ సంస్థ ఆ విన్నపాలను తోసిపుచ్చింది.

ఫలితం ఏమిటో అంకెల్లోనే ఉంది. తర్వాతి ఏడాదికి ఇథనాల్‌కు వెళ్లిన మొక్కజొన్న 500 కోట్ల బుషెళ్ల నుంచి 464 కోట్లకు తగ్గింది. అంటే 7 శాతం. అదే కాలంలో అమెరికా మొక్కజొన్న ఎగుమతి 154 కోట్ల నుంచి 73 కోట్ల బుషెళ్లకు పడిపోయింది, సగానికంటే తక్కువ. బ్రెజిల్ పంట అప్పుడు బాగా రావడం వల్ల ప్రపంచం గట్టెక్కింది.

ఇథనాల్ ధరలపై చూపే ప్రభావమంతా నాకు ఈ రెండు అంకెల్లోనే కనిపిస్తుంది. కొరత వచ్చినప్పుడు మార్కెట్లో ఎవరో ఒకరు తగ్గించుకోవాలి. కోళ్ల రైతు షెడ్డులో పిల్లల్ని తక్కువ వేసుకుంటాడు. దిగుమతి చేసుకునే దేశం తక్కువ కొంటుంది. పేద ఇంటి తల్లి రొట్టెల సంఖ్య తగ్గిస్తుంది. చట్టం వెనక నిలబడిన కొనుగోలుదారుడు మాత్రం ధర ఎంతైనా దాదాపు అంతే కొంటాడు, ఎందుకంటే కోటా నింపకపోతే జరిమానా. పంక్తిలో ఒకరి విస్తరి ముందే నింపి పెట్టి, మిగిలింది మాత్రమే మిగతావాళ్లు పంచుకోవాలంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే. మంచి పంట వచ్చిన ఏడాది ఆ తేడా ఎవరికీ తెలియదు. కరవు ఏడాది భారమంతా చట్టం రక్షణ లేనివాళ్ల మీద పడుతుంది.

మంచి ఏడాది తేడా తెలియదన్న మాట కూడా అనుభవమే. 2013 తర్వాత వర్షాలు బాగా పడ్డాయి, దిగుబడి పెరిగింది, 2014లో ధర 4 డాలర్ల కిందకు దిగింది. అప్పుడు ఇథనాల్ ఉత్పత్తి తగ్గలేదు సరికదా ఇంకా పెరిగింది. అంటే గిరాకీ పెరుగుతున్న ఏళ్లలోనే ధర మీద దెబ్బ గట్టిగా ఉంటుంది. గిరాకీ ఒక మట్టానికి చేరి ఆగితే రైతులు, విత్తనాలు, భూమి క్రమంగా దాన్ని అందుకుంటాయి. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో మొక్కజొన్న మళ్లీ 8 డాలర్లకు చేరినప్పుడు అదే పాత ప్రశ్న తిరిగి లేచింది.

పెట్రోలు వైపు చూద్దాం. ఇథనాల్ వల్ల బంకులో ధర తగ్గిందని అమెరికాలో పెద్ద ప్రచారం జరిగింది. అయోవా స్టేట్ యూనివర్సిటీతో సంబంధమున్న ఒక అధ్యయనం 2011లో గ్యాలన్‌కు 1.09 డాలర్ల దాకా ఆదా అయిందని చెప్పింది. రాజకీయ నాయకులు ఆ అంకెను వేదికలెక్కి చెప్పారు. అప్పుడు ఎంఐటీకి చెందిన క్రిస్టఫర్ నిట్టెల్, కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన ఆరన్ స్మిత్ అదే గణాంక పద్ధతిని తీసుకుని వేరే వాటికి వర్తింపజేసి చూశారు. ఆ పద్ధతి ప్రకారం ఇథనాల్ ఉత్పత్తి అమెరికాలోనూ యూరప్‌లోనూ నిరుద్యోగాన్ని పెంచుతుందని తేలింది. తమ పిల్లల వయసు కూడా ఇథనాల్ వల్లే పెరుగుతోందని అదే లెక్క ‘రుజువు’ చేసింది. రెండు విషయాలు ఒకే కాలంలో పెరిగితే ఒకటి మరొకదానికి కారణం అయిపోదని చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నేను చూడలేదు. ఆర్థిక సూత్రాలకు నిలబడే పద్ధతిలో లెక్కిస్తే ఆదా దాదాపు సున్నా అని వాళ్లు తేల్చారు.

ఎందుకంత తక్కువ? అమెరికా ఇథనాల్ రోజుకు సుమారు 10 లక్షల పీపాలు. ప్రపంచం రోజుకు కాల్చే చమురు 10 కోట్ల పీపాలు. పైగా లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండే శక్తిలో మూడింట రెండు వంతులే. లీటరు ధర తగ్గినా మైలేజీ తగ్గితే కిలోమీటరుకు పడే ఖర్చు అంతే ఉంటుంది, ఒక్కోసారి పెరుగుతుంది. కోటా వల్ల మరో ఖర్చూ పుట్టింది. ఇథనాల్ కలిపినట్టు రుజువుగా చమురు కంపెనీలు చూపవలసిన పత్రాలు 2013 మొదట్లో గ్యాలన్‌కు కొన్ని సెంట్లు ఉంటే, ఆ జూలైకి 1.40 డాలర్ల దాకా పోయాయి. పెట్రోలులో 10 శాతం దాటి ఇథనాల్ కలపడానికి అప్పటి బంకులూ బండ్లూ సిద్ధంగా లేవు, కోటా మాత్రం పెరుగుతూ పోయింది.

ఇథనాల్‌కు ఒక నిజమైన గుణం ఉంది. దాని ఆక్టేన్ ఎక్కువ. పెట్రోలు ఇంజనులో సమయానికి ముందే పేలకుండా ఆపుతుంది. అందుకే చట్టం లేకపోయినా అమెరికా రిఫైనరీలు 10 శాతం దాకా ఇథనాల్‌ను ఇష్టంగానే కలుపుతాయని చాలామంది నిపుణులు అంటారు. అంటే ఇథనాల్ రాకతో ధర మీద పడిన ఒత్తిడి మొత్తాన్నీ చట్టం ఖాతాలో వేయలేం.

ఇంకో బంధం కూడా పుట్టింది. ఇథనాల్ గ్యాలన్ 2 డాలర్లు పలికితే, బుషెల్‌కు 2.8 గ్యాలన్లు వస్తాయి కాబట్టి, ఆ గింజ ఫ్యాక్టరీకి 5.60 డాలర్ల ఇంధనం ఇస్తుంది. చమురు పెరిగితే ఈ అంకె పెరుగుతుంది, మొక్కజొన్న దాన్ని వెంబడిస్తుంది. అప్పటిదాకా మొక్కజొన్న ధర వానను బట్టి, కోళ్ల సంఖ్యను బట్టి కదిలేది. ఇప్పుడు గల్ఫ్‌లో యుద్ధం వచ్చినా కదులుతుంది.

మన దగ్గర ఈ బంధాన్ని మార్కెట్ కాకుండా ప్రభుత్వమే ముడివేసింది. 2013-14లో మన పెట్రోలులో కలిపిన ఇథనాల్ 1.5 శాతం. 2022 జూన్‌కు 10 శాతం, 2025కు 20 శాతం. మొదట ఈ పథకం చెరకు మీద నిలబడింది. 2023లో వానలు సరిగా పడక చెరకు దిగుబడి మీద అనుమానం వచ్చింది. ఆ జూలైలో భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) గోదాముల నుంచి ఇథనాల్ తీసే డిస్టిలరీలకు బియ్యం ఆపేశారు. డిసెంబరులో చెరకు రసం వాడకం మీద ఆంక్షలు పెట్టారు. పంచదార ధర కాపాడాలి, బియ్యం ధర కాపాడాలి, 20 శాతం లక్ష్యం మాత్రం కదలకూడదు. ఆ బరువంతా మొక్కజొన్న మీదకు దించారు. 2022-23లో మొక్కజొన్న నుంచి వచ్చిన ఇథనాల్ 31 కోట్ల లీటర్లు. మరుసటి ఏడాది 286 కోట్ల లీటర్లు. అమెరికా పదేళ్లలో చేసిన మార్పు మనం ఒక్క ఏడాదిలో చేశాం.

2024 జనవరిలో మొక్కజొన్న ఇథనాల్‌కు లీటరుకు 71.86 రూపాయలు నిర్ణయించారు. క్వింటాలుకు 38 లీటర్లు దిగుతాయి. గుణిస్తే 2,730 రూపాయలు. పిప్పి అమ్మకం అదనం, తయారీ ఖర్చు మినహాయింపు. ఆ ఏడాది క్వింటాలు మద్దతు ధర 2,225. మార్కెట్ యార్డులో గుప్పెడు గింజలు తీసి తేమ చూసి ధర చెప్పే వ్యాపారి మనసులో ఏ అంకె తిరుగుతుందో ఇప్పుడు తెలుస్తోంది. 2024లో చాలా చోట్ల క్వింటాలు 2,500 దాటింది. ఎన్నో ఏళ్లు మద్దతు ధర కోసం ఎదురుచూసిన మొక్కజొన్న రైతుకు ఆ ధర అక్షరాలా ఊరట. దాన్ని చిన్నదిగా చూడడం నాకు చేతకాదు.

అదే గింజ అటువైపు కోళ్ల షెడ్డుకు వెళ్తుంది. దేశంలోని ప్రతి పది గుడ్లలో మూడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే పుడుతున్నాయి. గుడ్డు ఖర్చులో మూడింట రెండు వంతులు దాణాదే. ఒక గుడ్డు వెనక 65, 70 గ్రాముల మొక్కజొన్న ఉందనుకుంటే, కిలో మీద 5 రూపాయలు పెరగగానే గుడ్డు మీద 35 పైసల దాకా భారం పడుతుంది. వినడానికి పైసలే. 50,000 కోళ్లున్న షెడ్డులో రోజుకు 40,000 గుడ్లనుకున్నా, అది రోజుకు 14,000 రూపాయలు. ఆ షెడ్డు యజమాని గుడ్డు ధర తాను నిర్ణయించలేడు. దాణా ఆపలేడు. ఎప్పటినుంచో మొక్కజొన్న ఎగుమతి చేస్తున్న మన దేశం 2024లో మయన్మార్, ఉక్రెయిన్‌ల నుంచి పది లక్షల టన్నుల దాకా దిగుమతి చేసుకుంది.

దాణాలో ఇంకో సరుకు ధర వ్యతిరేక దిశలో నడిచింది. డిస్టిలరీల నుంచి లక్షల టన్నుల పిప్పి బయటికి వచ్చేసరికి, మాంసకృత్తుల కోసం సోయా చెక్క కొనే దాణా మిల్లులు కొంతవరకు దాని వైపు తిరిగాయి. సోయా చెక్క ధర పడింది. ప్రపంచ మార్కెట్లో సోయా అప్పటికే చవకగా ఉండడం కూడా తోడైంది. 2024 పంటకు మద్దతు ధర 4,892 రూపాయలుంటే, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర మార్కెట్లలో అంతకంటే బాగా తక్కువకే అమ్ముకున్నారు. మన ఆదిలాబాద్ సోయా రైతులకూ ఆ చలి తగిలింది. మొక్కజొన్న రైతుకు మేలు చేసిన ఫ్యాక్టరీ గొట్టం రెండో చివర నుంచి సోయా రైతు ధరను కిందకు నెట్టింది. పిప్పిలో బూజు విషం ఉంటుందేమోనన్న జాగ్రత్త వేరే ఉంది. నాసిరకం గింజతో చేస్తే అఫ్లాటాక్సిన్ పిప్పిలో మూడింతలు చిక్కబడుతుంది, ఎందుకంటే పిండి పదార్థం పోయి మిగతాదంతా మిగులుతుంది.

బంకు దగ్గర ఏమైందో కూడా చూడాలి. 2025 జూలై నాటికి ఇథనాల్ కొనుగోలు సగటు ఖర్చు, రవాణా, జీఎస్టీ కలిపి లీటరుకు 71.32 రూపాయలు అని పెట్రోలియం శాఖే చెప్పింది. రిఫైనరీ గేటు దగ్గర పెట్రోలు అంతకంటే చవక అనీ ఒప్పుకుంది. మైలేజీ తగ్గుదల ఇందుకోసమే సర్దిన కార్లలో 1 నుంచి 2 శాతం, మిగతావాటిలో 3 నుంచి 6 శాతం అంది. 15 కిలోమీటర్లు ఇచ్చే పాత కారు 14 పైచిలుకు ఇస్తుంది, బిల్లు మాత్రం తగ్గదు. విదేశీ మారకద్రవ్యం 2014-15 నుంచి లక్షా నలభై వేల కోట్ల రూపాయలకు పైగా మిగిలిందని ప్రభుత్వం చెప్పే లెక్క దేశానికి ముఖ్యమైనదే. అయితే ఆ ఆదా దేశం ఖాతాలో పడింది, ఖర్చు మాత్రం బండి నడిపేవాడి జేబులోంచి, గుడ్డు కొనేవాడి జేబులోంచి పోయింది. ప్రజలకు ఈ రెండు ఖాతాలూ పక్కపక్కన పెట్టి చూపించాలని నేను గట్టిగా అనుకుంటాను.

అమెరికాలో 2012లో చట్టం వంగకపోతే ఎగుమతులు సగమయ్యాయి. మన దగ్గర లక్ష్యం వంగనప్పుడు భారం చెరకు నుంచి మొక్కజొన్నకు, మొక్కజొన్న నుంచి కోళ్లకు జరిగింది. 2025లో మళ్లీ చేయి మారింది. ధర చూసి రైతులు మొక్కజొన్న సాగు పెంచారు. ఇటు బియ్యం గోదాములు నిండిపోవడంతో ప్రభుత్వం డిస్టిలరీలకు బియ్యాన్ని మళ్లీ తెరిచి, 52 లక్షల టన్నుల దాకా కేటాయించింది. క్వింటాలు ధర 2,250 రూపాయలు. ఆ బియ్యాన్ని సేకరించి, మర పట్టించి, నిల్వ చేసి, తరలించడానికి ప్రభుత్వానికి అయ్యే ఖర్చు క్వింటాలుకు 4,000కు దగ్గరగా ఉంటుంది. మిగిలిన తేడా ఖజానా భరిస్తుంది. బియ్యంలో పిండి పదార్థం మొక్కజొన్న కంటే ఎక్కువ, టన్నుకు ఇథనాల్ కూడా ఎక్కువే వస్తుంది.

ఆ ఏడాది వానాకాలం మొక్కజొన్న కోతకు వచ్చేసరికి మద్దతు ధర 2,400. కర్ణాటకలో క్వింటాలు 2,000 కూడా పలకక రైతులు రోడ్డు మీద బైఠాయించారు. తెలంగాణలో మార్క్‌ఫెడ్ కొనుగోలు కేంద్రాలు తెరవవలసి వచ్చింది. ఏడాది కిందట డిస్టిలరీ కోసం పెట్టుబడి పెట్టి మక్క వేసిన రైతు, కళ్లంలో గింజలు ఆరబోసుకుని కొనేవాడి కోసం చూస్తున్న ఆ రోజుల్లోనే, ఆహార సంస్థ గోదాముల నుంచి బియ్యం బస్తాలు లారీల్లో అదే డిస్టిలరీ దారి పట్టాయి.